సున్నపుబట్టీ గల్లీకి సున్నా నక్షత్రాలు

నగరంలో ఆడపిల్లలకు భద్రత లేదని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియలేదు గానీ, అన్న మాట పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం నొచ్చుకుంది. నొచ్చుకున్న ప్రభుత్వం ఊరికే కూర్చోదు, ఒక మండలిని వేస్తుంది. అలా పుట్టింది మహిళా సురక్షిత నివాస ధ్రువీకరణ మండలి. దానికి ఒక మేడ, మేడకో లిఫ్టు, ఆ లిఫ్టు ఎక్కడానికి అధికారులకు వేరే వరస, అన్నీ చకచకా అమరిపోయాయి.

మండలి తొందరపడలేదు. ముందు అధ్యయనం చేసింది. నగరంలో ఆడవాళ్ల మీద జరిగిన దౌర్జన్యాలన్నీ ముందేసుకుని, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటా అని వెతికింది. చీకటా? కొన్ని వెలుగులోనే జరిగాయి. సారా దుకాణాలా? కొన్నిచోట్ల సోడా బండి కూడా లేదు. మగవాళ్లా? మగవాళ్లు ఎక్కడైనా ఉంటారు కాబట్టి దాన్నొక కారణంగా తీసుకోవడం శాస్త్రీయం కాదని నిపుణులు కొట్టిపారేశారు. ఆఖరికి ఒక్క అంశం మాత్రం ఒక్క మినహాయింపు కూడా లేకుండా ప్రతి సంఘటనలోనూ కనిపించింది. ఆ సమయంలో ఆ స్థలంలో ఒక స్త్రీ ఉంది.

ఇంకేం, గుట్టు దొరికింది. స్త్రీ లేని చోట స్త్రీకి హాని జరిగిన దాఖలా దేశంలో ఎక్కడా లేదు. నివేదిక చదివిన రోజు సభలో చప్పట్లు ఆగలేదట. ఆ సూత్రం మీదే మండలి వీధులకు నక్షత్రాలు పంచడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టిన తర్వాత వీధిలో ఎంత తక్కువమంది ఆడవాళ్లు కనిపిస్తే అన్ని ఎక్కువ నక్షత్రాలు. అసలెవరూ కనిపించకపోతే అయిదు. వీధి మొదట్లో నీలం బోర్డు, దాని మీద బంగారు రంగు చుక్కలు. ఇళ్ల బేరగాళ్లు ఆ చుక్కలు చూపించి అద్దెలు పెంచేశారు. పెళ్లిచూపుల్లో కూడా గోత్రం తర్వాత అడిగే ప్రశ్న అదే అయింది.

సాలూరు నుంచి హిమజ నగరానికి వచ్చేసరికి ఈ నక్షత్రాల వెర్రి బాగా ముదిరి ఉంది. ఆమెకు ఒక కళ్లద్దాల దుకాణంలో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం దొరికింది. లోకమంతా మసకగా కనిపిస్తున్న మనిషికి సరైన అద్దం పెట్టగానే ముఖం విప్పారుతుంది చూడండి, ఆ ముఖం కోసమే ఆమె ఆ చదువు చదివింది. ఉద్యోగమంటే ప్రాణం. చిక్కల్లా దుకాణం ఎనిమిదింటికి గానీ మూయరు. తాత్కాలికంగా పెదనాన్నగారి కూతురింట్లో, హాల్లో సోఫా మీద తలదాచుకుంది. నెలాఖరుకి ఆ సోఫా మీదికి అక్క అత్తగారు వేంచేస్తున్నారు. ఈలోగా గది దొరకాలి.

గది ఎలా ఉండాలో సాలూరులో నూకరత్నం, అంటే హిమజ వాళ్లమ్మ, అప్పుడే తేల్చేసింది. ఆవిడ టీవీలో నక్షత్రాల సంగతంతా చూసింది.

"అయిదు లేకపోతే నాలుగైనా ఉండాల. అంతకి తక్కువైతే నేనే బండెక్కి వచ్చి నిన్ను తీసుకుపోతాను. సాలూరులో జనానికి కళ్లు లేవా ఏటి? ఇక్కడే పెట్టు అద్దాలు," అంది ఫోనులో.

అమ్మ అన్నదంటే చేస్తుంది. హిమజకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకని మొదట అయిదు నక్షత్రాల సుఖసౌధ ఎన్‌క్లేవ్‌కే వెళ్లింది.

సుఖసౌధలో పిట్ట కూడా ఆడది ఎగరదేమో అన్నంత నిశ్శబ్దంగా ఉంది. కాలనీ సంఘం కార్యదర్శి ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, కిటికీ తెర దించి, మంచినీళ్లిచ్చాడు.

"అమ్మా, మహిళల భద్రత విషయంలో మా కాలనీ ఏ విధమైన రాజీకీ తావివ్వదు," అన్నాడు.

"అది వినే వచ్చానండీ. గది ఏదైనా..."

"అదే మనవి చేస్తున్నాను. రాజీ పడము కనుక గది ఇవ్వలేము. తమరు ఎనిమిదిన్నరకు వస్తారు. గేటు నుంచి లిఫ్టు వరకు నడుస్తారు. ఆ నడకలో తమరు స్త్రీగా నమోదవుతారు."

"నేను స్త్రీగానే కదండీ ఉండేది?"

"సమస్య అదే," అన్నాడు కార్యదర్శి ఎంతో సానుభూతిగా.

"మరి ఇన్ని ఇళ్లలో ఆడవాళ్లే లేరా?"

"లేకేం! ఉన్నారు, కనపడరు. మా శ్రీమతి సాయంకాలపు నడక వంటింటి నుంచి పడకగది దాకా చేస్తుంది. మోకాళ్లు పట్టేశాయంటుంది గానీ, అయిదో నక్షత్రం ఊరికే వస్తుందా? మీకు అన్నదమ్ములెవరైనా ఉంటే పంపండి, గది ఇవాళే ఇచ్చేస్తాను."

అద్దె అడిగితే, ఆమె జీతమంతా పోసినా బాల్కనీ దాకానే వస్తుందని తేలింది.

తర్వాత నాలుగు నక్షత్రాల చోటికి వెళ్లింది. అక్కడ ఆడపిల్లలకు గదులిస్తారు, ఆరింటికల్లా లోపలికి వచ్చెయ్యాలి, ఆలస్యమైతే తెల్లారేదాకా బయటే ఉండాలి. అది వాళ్ల భద్రత కోసమేనట. మూడు నక్షత్రాల హాస్టలువాళ్లు కాస్త ఉదారులు. బస్టాపు నుంచి హాస్టలు దాకా హెల్మెట్టు, మగవాళ్ల వానకోటు వేసుకుని నడిచేట్టయితే అభ్యంతరం లేదన్నారు. హెల్మెట్టు ఉంటే ఆడో మగో తేల్చడం సాధ్యం కాదని మండలి లిఖితపూర్వకంగా ఒప్పుకుందట. "ఎండాకాలంలోనూ వానకోటేనా?" అని హిమజ అడిగింది. "భద్రతకు రుతువులుండవు," అని జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం కాళ్లు పీకి, మనసు చితికి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఆమె ఎక్కడో దిగింది. దిగినచోట ఒక ఇరుకు గల్లీ ఉంది. సున్నపుబట్టీ గల్లీ. బట్టీ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. వీధి మొదట్లో నక్షత్రాల బోర్డు లేదు. బస్సులెక్కే రోడ్డుకు అడ్డదారేమోనని అడుగుపెట్టింది.

గల్లీకి రెండువైపులా ప్రతి ఇంటి మెట్ల మీదా, అరుగు మీదా ఆడవాళ్లే. ఒకామె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇంకొకామె పుంటికూర తెంపుతోంది. ఎవరో ఎవరి జడో అల్లుతున్నారు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, కళ్లన్నీ హిమజ మీద ఉన్నాయి.

"ఎవల బిడ్డవమ్మా?" అని అడిగింది చాటలో బియ్యం ఏరుతున్న పెద్దావిడ. ఆవిడే అండాళమ్మ. ఆ ఇల్లు ఆవిడదే, భర్త పోయాక ఒక్కతే ఉంటుంది.

"సాలూరండీ."

"ఊరు కాదు, మనిషి సంగతి అడుగుతున్న. మొకం గట్ల వాడిపోయిందేంది? పొద్దుగాల తిన్నవా లేదా?"

హిమజ జవాబు చెప్పేలోపు పక్కింటి ఖైరున్నీసా లేచి లోపలికి వెళ్లి ఒక చెంబెడు నీళ్లు, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి చేతిలో పెట్టింది. "తిను బేటీ, తర్వాత చెప్పొచ్చు," అంది. కరెంటు స్తంభం దాకా చేరకముందే గల్లీకి హిమజ ఉద్యోగం తెలిసింది, జీతం తెలిసింది, అక్క అత్తగారి సోఫా వ్యవహారం కూడా తెలిసిపోయింది. పెళ్లి సంగతి మాత్రం ఆమె తెలివిగా రేపటికి వాయిదా వేసింది.

"మీద అర్ర ఖాళీగున్నది. నచ్చితే ఉండు," అంది అండాళమ్మ. అద్దె చెప్పింది. హిమజ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది. అంత తక్కువ అద్దె ఈ నగరంలో ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఇక్కడ... నక్షత్రాలు లేవా అమ్మా?"

"మాకెందుకిస్తరు బిడ్డా? గిందరం బయటనే ఉంటిమి."

ఆ పూట హిమజ మేడ మీది గదిలో నిలబడి అమ్మకు ఫోను చేసింది. "నక్షత్రాలు ఎన్ని?" అంది నూకరత్నం ముందుగా. హిమజ ఆకాశం వైపు చూసి, "బోలెడమ్మా," అంది. అబద్ధం ఆడినందుకు కాస్త గిల్టీగా అనిపించింది, కాసేపటికి హాయిగా నిద్ర పట్టింది.

ఆ తర్వాతి రోజులు ఆమెకు పండగే. దుకాణంలో పాతబడిపోయిన అక్షరాల పటం ఒకటి తెచ్చి అండాళమ్మ గోడకు తగిలించింది. పైన పెద్ద అక్షరం, కిందికి పోనుపోను చిన్నవి. సెలవురోజు సాయంత్రాలు గల్లీలోవాళ్లకు ఒక్కో కన్ను మూయించి చదివించేది. ఖైరున్నీసాకు తెలుగక్షరాలు రావు కాబట్టి ఆవిడ కోసం వేళ్లు చూపించేది. చాలామంది చాన్నాళ్లుగా మసకలోనే బతుకుతున్నారని తేలింది. కొత్త అద్దాలొచ్చాక అండాళమ్మ చూపు గల్లీ మలుపులో పాన్ డబ్బా దాకా వెళ్లింది. "వానికి మీసం ఉన్నదని ఇన్నేండ్లకు తెలిసింది," అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఆ చూపు పవరేమిటో ఒక రాత్రి హిమజ కళ్లారా చూసింది. బస్టాపు దగ్గర్నుంచి ఒక కుర్రాడు బండి మీద ఈల వేసుకుంటూ ఆమె వెంటబడ్డాడు. ఆమె గబగబా గల్లీలోకి తిరిగింది. వాడూ తిరిగాడు. పాపం, వాడికి ఆ గల్లీ సంగతి తెలియదు.

"ఏం బాబూ, ఎవరింటికి వచ్చినవ్?" అని ఖైరున్నీసా బండి ముందుకొచ్చి నిలబడింది.

"ఎవరింటికీ కాదు. ఊరికే."

"ఊరికే ఎవరన్నా వస్తరా? ఆకలైతుందా?"

ఈలోపు అండాళమ్మ చాట పక్కన పెట్టి వచ్చి బండి తాళంచెవి లాగేసింది. "మీ అమ్మ పేరేంది? ఏడుంటరు? అమ్మకు ఫోన్ కొట్టు, నేను మాట్లాడుత." చుట్టూ పోగైన ఆడవాళ్లను చూసి వాడు ఈల మర్చిపోయాడు. చివరికి ఫోను కలిపాడు. అండాళమ్మ వాడి తల్లితో చాలాసేపు మాట్లాడింది. ముందు వాడి ఈల సంగతి, తర్వాత ఆవిడ మోకాళ్ల నొప్పుల సంగతి. వాళ్లమ్మకు ఇమ్మని సంచీ నిండా పుంటికూర ఇచ్చి తాళం తిరిగిచ్చారు. ఆ కుర్రాడు ఆ తర్వాత ఆ వైపు వచ్చిన దాఖలా లేదు. వాళ్లమ్మ మాత్రం ఇంకా ఫోను చేస్తూనే ఉంది.

ఇలా సుఖంగా సాగుతుండగా మండలి దృష్టి ఆ గల్లీ మీద పడింది. ఆ ఏడు 'గల్లీ గల్లీకో నక్షత్రం' పథకం కింద ఒక్క వీధి కూడా మిగలకూడదని పైనుంచి ఆదేశం. హిమజకు సెలవున్న ఒక సాయంత్రం జీపులో ఉపసంచాలకులు పరాంకుశంగారు వేంచేశారు. వెంట గణకుడు. అతని చేతిలో చిన్న యంత్రం. ఆడమనిషి కనబడితే నొక్కాలి, టిక్కుమంటుంది.

టిక్కు, టిక్కు, టిక్కు. గల్లీ సగం దాటేసరికి గణకుడి బొటనవేలు వాచింది.

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నారు. "ఈ వీధి యందు మహిళా సాంద్రత ప్రమాదకర స్థాయిని దాటియున్నది."

"అంటే ఏంది సారూ?" అంది అండాళమ్మ.

"తామందరూ ఆరుబయట ఉన్నారని."

"ఉంటే ఏమైతది?"

"ప్రమాదం."

"ఎవలికి?"

"తమకే."

"మాకేం కాలే కదా ఇన్నేండ్ల సంది!"

"అమ్మా, ఏమీ కాకపోవడం వేరు, భద్రంగా ఉండటం వేరు," అన్నారు పరాంకుశంగారు ఓపికగా. "ఇంతవరకు ఏమీ కాకపోవడం కేవలం యాదృచ్ఛికం. యాదృచ్ఛికాన్ని మండలి పరిగణనలోకి తీసుకొనజాలదు."

హిమజ ఉండబట్టలేక ముందుకొచ్చింది. "సర్, వీళ్లు బయట ఉండబట్టే కదా నేను ధైర్యంగా ఇంటికొస్తున్నాను?"

"ధైర్యం అనేది వ్యక్తిగత అనుభూతి. దాన్ని కొలిచే యంత్రం ఇంకా రాలేదు." ఆయన నాలుగు వైపులా చూసి, "అద్దె ఎంత?" అన్నారు. అండాళమ్మ చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా! ఇంత తక్కువ అద్దెకు దొరికే వీధి సురక్షితమంటే ఎవరైనా విశ్వసిస్తారా? తక్కువ అద్దెయే అభద్రతకు ప్రథమ సంకేతం. నక్షత్ర వీధిలో నక్షత్ర అద్దె వసూలు చేయాలి. ఇది నిబంధన."

పోతూ పోతూ ఆదేశాలిచ్చారు. దీపాలు పెట్టగానే ఆడవాళ్లు లోపలికి వెళ్లాలి. మెట్ల మీద కూర్చోరాదు. గోడ మీది అక్షరాల పటం అనధికార ప్రకటన కాబట్టి తీసేయాలి. నెల తర్వాత తుది తనిఖీ, ఆ రోజు ఆడమనిషి కనపడకపోతే అయిదు నక్షత్రాలు. అయిదు నక్షత్రాల వీధికి మంచినీళ్లు రోజూ వస్తాయి.

ఆ ఆఖరి మాట దగ్గర గల్లీ అంతా గుటక వేసింది. అక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవీ కోడి కూయకముందే. "నీళ్లు రోజొస్తయంట బిడ్డా," అంది అండాళమ్మ హిమజ కళ్లలోకి చూడకుండా. "నిన్ను పొమ్మంటలేను. సర్కారు అద్దె పెంచమంటున్నది, నేనేం జేయాలె?" పాపం ఆవిడకూ బాధగానే ఉంది. ఆ బాధతోనే రెండు కొత్త బిందెలు కొనుక్కొచ్చింది.

గల్లీ తలుపులు మూసుకుంది. చిక్కుడుకాయలు టీవీల ముందుకు వెళ్లాయి. మనుషులే తిరగని వీధికి ఇన్ని దీపాలెందుకని విద్యుత్తు శాఖవాళ్లు దీపం విడిచి దీపం ఊడదీసుకుపోయారు. ఇక ఖాళీ మెట్లు ఎంతకాలం ఖాళీగా ఉంటాయి? మలుపులో పాన్ డబ్బా దగ్గర నిలబడి కాళ్లు నొప్పెట్టిన మగవాళ్లు ముందు ఒకరు, తర్వాత నలుగురు, తర్వాత గుంపులుగా వచ్చి ఆ మెట్ల మీద కూర్చున్నారు. సిగరెట్లు, పేకలు, సీసాలు. మధ్యంతర తనిఖీకి వచ్చిన గణకుడు వాళ్లందరి మధ్యగా నడిచివెళ్లి, యంత్రం ఒక్కసారి కూడా టిక్కుమనలేదని సంతోషంగా రాసుకుపోయాడు. ఆ యంత్రానికి మగవాళ్లను లెక్కపెట్టే మీట లేదు.

తుది తనిఖీకి వారం ఉందనగా, హిమజ దుకాణం మూసి గల్లీలోకి తిరిగింది. చీకట్లో సిగరెట్టు నిప్పులు. అండాళమ్మ కూర్చునే అరుగు మీద ముక్కూముఖం తెలియనివాళ్లు. ఎవరో ఏదో అన్నారు. ఎవరో నవ్వారు. ఒకడు లేచి ఆమె వెనకే నడిచాడు. ఆమె వేగం పెంచితే వాడూ పెంచాడు. హిమజకు భయం వేసింది. ఇన్నాళ్లూ టీవీలో చూసి, అమ్మ నోట విని వేసిన భయం కాదిది, కాళ్లలోంచి పుట్టుకొచ్చిన భయం. పరుగెత్తి తలుపు బాదింది.

"ఎవలు?" అని లోపల్నుంచి గుసగుస. "తనిఖీయా?"

"నేనమ్మా! తలుపు తియ్యి!"

అండాళమ్మ తలుపు తీసి, వెనక నిలబడ్డవాడిని చూసింది. "ఎవడ్రా అది?" అని అరిచిన అరుపుకు వాడు చీకట్లో కలిసిపోయాడు. హిమజ వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. అండాళమ్మ ఆమె చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నేను వెళ్లిపోతానమ్మా," అంది హిమజ చివరికి. "ఎలాగూ ఆ అద్దె నేను కట్టలేను. మా అమ్మ రమ్మంటూనే ఉంది. సాలూరు పోతాను."

అండాళమ్మ మూలనున్న కొత్త బిందెల వైపు చూసింది. ఆవిడకు సిగ్గేసింది, ఆ సిగ్గు మీద పట్టరాని కోపం వచ్చింది. "నీళ్లు రోజొచ్చి ఏం జేసుకుంటం? కడుక్కుంటమా, మా మొకాలు?" అని లేచి, పెరటిగోడ మీదుగా పిలిచింది. "ఓ ఖైరున్! నీకు పొద్దు పోతున్నదా లోపల?"

"ఏడ పోతుంది?" అంది ఖైరున్నీసా. "మా ఆయన మొకం చూసి చూసి విసుగొచ్చింది. పాపం ఆయనకు కూడా."

ఆ గోడ దగ్గరే హిమజకు ఉపాయం తట్టింది. ఆడవాళ్లు ఎక్కువ కనపడితే నక్షత్రాలు రావు. నక్షత్రాలు రాకపోతే నక్షత్ర అద్దె ఉండదు. అయితే కనపడదాం. ఒకరూ ఇద్దరూ కాదు, బాగా కనపడదాం. తుది తనిఖీ సాయంత్రమే గల్లీలో ఉచిత కంటి పరీక్షలని చుట్టుపక్కల వీధులన్నిటికీ, హిమజ గది కోసం తిరిగిన చోట్లకీ కబురు పెట్టారు. దుకాణం యజమానికి ఈ సంగతి చెబితే, బేరాలొస్తాయని సంబరపడి అద్దాల పెట్టె కూడా ఇచ్చి పంపాడు.

ఆ సాయంత్రం పరాంకుశంగారి జీపు గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ముందుకు దారి లేదు. పక్క గల్లీల నుంచి, వెనక బస్తీ నుంచి, రైలుకట్ట అవతలి నుంచి వచ్చిన ఆడవాళ్లు. పిల్లల తల్లులు, తల్లుల అత్తలు, చెప్పుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగొచ్చిన అమ్మాయిలు. నాలుగు నక్షత్రాల హాస్టలు నుంచి ఇద్దరు, మూడు నక్షత్రాల హాస్టలు నుంచి హెల్మెట్లు చంకన పెట్టుకుని ముగ్గురు. సుఖసౌధ కార్యదర్శిగారి భార్య కూడా వచ్చింది. మోకాళ్లు పట్టేసినా ఆటో దిగి కుంటుకుంటూ నడిచింది, ఆ నాలుగడుగుల నడకకే ఆవిడ ముఖం వెలిగిపోయింది. మెట్ల మీది మగవాళ్లు ఎప్పుడు లేచి వెళ్లారో ఎవరూ చూడలేదు. లేవమని ఎవరూ అనలేదు కూడా, అండాళమ్మ చాట పట్టుకుని ఒక్కొక్కడి పక్కనా కూర్చుని, "నీ పేరేంది బిడ్డా, మీ అమ్మ ఏడుంటది?" అని అడిగింది, అంతే.

గణకుడు యంత్రం తీశాడు. టిక్కు టిక్కుమని మొదలై, టకటకటకమని ఊపందుకుని, కిర్రుమని ఆగిపోయింది. మీట లోపలికి పోయి మళ్లీ పైకి రాలేదు.

"ఆపండి! ఇదంతా ఏమిటి?" అన్నారు పరాంకుశంగారు.

"కండ్ల పరీక్ష సారూ. కూసో," అని అండాళమ్మ ఆయన భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయనకు లేచే వ్యవధి లేదు, ఖైరున్నీసా అప్పటికే ఆయన ఎడమ కన్ను మూసేసింది. హిమజ గోడకు మళ్లీ తగిలించిన పటం వైపు బెత్తం చూపించింది. ఆయన పైన ఉన్న పెద్ద అక్షరం ఠీవిగా చదివారు. రెండో వరస కాస్త సాగదీశారు. మూడో వరస దగ్గర ఆగిపోయి, "అది అక్షరమా, చీమా?" అన్నారు.

"సర్, మీ అద్దాలు ఎప్పటివి?"

"పదోన్నతికి ముందువి."

హిమజ పెట్టెలోంచి అద్దాలు తీసి ఒకటొకటిగా మార్చింది. ఒక అద్దం దగ్గర ఆయన ముఖం విప్పారింది. మూడో వరస చదివారు, నాలుగో వరసా చదివారు. ఆనందంగా తల తిప్పి గల్లీ వైపు చూశారు. అరుగుల మీద, మెట్ల మీద, మేడల మీద నవ్వుతూ, తింటూ, కబుర్లాడుతూ ఆ చివర దాకా ఆడవాళ్లు ఆయనకు స్పష్టంగా కనిపించారు.

"అయ్యయ్యో!" అన్నారు. "ఇందాక సగమే చూశాను. ఇంతమందా!"

ఆయన మంచి అధికారి. కళ్లు బాగుపడినంత మాత్రాన నిబంధన మరిచిపోయే మనిషి కాదు. అక్కడే నిలబడి, ఎవరో ఇచ్చిన ఉడికించిన పల్లీలు నములుతూ, ఆదేశం చెప్పి రాయించారు. "సున్నపుబట్టీ గల్లీని తీవ్ర అసురక్షిత వీధిగా ప్రకటించడమైనది. మహిళలు చీకటి పడిన పిదప గుంపులుగా, నిర్భయంగా, బిగ్గరగా నవ్వుచూ కనుగొనబడిరి. నక్షత్రాలు సున్నా. ఇట్టి ప్రమాదకర వీధిలో నివసించు నిస్సహాయులకు అద్దె పెంచుట అమానుషం గనుక, పాత అద్దెయే శాశ్వతంగా వసూలు చేయవలెను."

గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. ఆయన ఎందుకో తెలియకపోయినా చేతులు జోడించారు. జీపెక్కబోతుంటే, అరుగు మీద మర్చిపోయిన ఫోను ఇవ్వడానికి నలుగురు ఆడవాళ్లు వెంట పరుగెత్తారు. ఆయన నిట్టూర్చి, "చూశారా, ఎంత అభద్రత!" అన్నారు గణకుడితో.

వారానికి బోర్డు వచ్చింది. ఎర్రరంగు, నిలువెత్తు. చదవనివాడు లేకుండా దానికి తెల్లవార్లూ వెలిగే పెద్ద దీపం ప్రత్యేకంగా బిగించారు. గల్లీలో దాన్ని మించిన వెలుగు లేదు కాబట్టి చిక్కుడుకాయలూ పుంటికూరా అన్నీ దాని కిందికే చేరాయి. నీళ్లు రోజు విడిచి రోజే వస్తున్నాయి. కొత్త బిందెలు రెండూ అండాళమ్మ హిమజకిచ్చేసింది.

అంతా సర్దుకుందనుకునే వేళకు దుకాణంలో ఫోను మోగింది. "నీ నక్షత్రాలు చూద్దామని వచ్చానే," అంది నూకరత్నం. "బస్సు దిగిపోయాను. అదేటో ఎర్ర బోర్డు కనపడతంది, వెళ్లి చదువుతానుండు." ఫోను ఆగిపోయింది.

హిమజ ప్రాణం పోయినంత పనైంది. యజమానిని బతిమాలుకుని, ఆటో ఎక్కి పరుగున వచ్చింది. దారి పొడుగునా అమ్మకు ఏమని చెప్పాలో కూడగట్టుకుంది, ఒక్క మాటా కుదరలేదు. ఈపాటికి అమ్మ తన బట్టలు సర్దేసి ఉంటుంది. రేపీపాటికి సాలూరు. ఉద్యోగం, గది, గల్లీ, అన్నీ పోయినట్టే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గల్లీ మలుపు తిరిగేసరికి ఎర్ర బోర్డు దీపం ధగధగా వెలుగుతోంది. దానికి ఎదురుగా అరుగు మీద నూకరత్నం కూర్చుని ఉంది. ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం, పక్కన సగం తాగిన టీ. ఒక చేత్తో కుడి కన్ను మూసుకుని ఉంది. బోర్డు పక్కన అండాళమ్మ బియ్యం చాట చంకన పెట్టుకుని, కందికట్టె పుల్లతో అక్షరాలు చూపిస్తోంది.

"మీది వరస చదువు వదినా."

"ఈ వీధి మహిళలకు," అని చదివింది నూకరత్నం.

"దాని కింద?"

"సురక్షితం కాదు."

"మంచిగ కనపడ్తున్నదా?"

"శుభ్రంగా కనపడతంది."

"అన్నింటి కింద సన్నగున్నది?"

నూకరత్నం మెడ ముందుకు సాచి, కళ్లు చికిలించి చూసింది. "ఉహూఁ. అలుక్కుపోయినట్టుంది వదినా."

"దూరం చూపు తక్కువైంది. బిడ్డ రాంగనే అద్దం ఇప్పిద్దాం. రెండు నెలలుండి పో, కండ్లకు అలవాటు కావాలె."

"ఉండకేటి," అంది నూకరత్నం చిక్కుడుకాయ ఈనె లాగుతూ.

హిమజ అక్కడే నిలబడిపోయింది. అమ్మా అని పిలవబోతుంటే వెనక బండి చప్పుడైంది. ఎవరో కొత్త కుర్రాడు నెమ్మదిగా గల్లీలోకి వస్తున్నాడు. ఖైరున్నీసా అరుగు మీంచి లేవబోయింది గానీ, అంతకు ముందే నూకరత్నం కన్ను మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరబ్బాయివి నాయనా?" అంది. "మీ అమ్మ పేరేటి?"